ఎనిమిదడుగుల పలకతో సీమలో ఐదు రోజులు

మొదటి రోజు: కర్నూలు, సుంకేసుల

కర్నూలు బస్టాండు దగ్గర ఉగ్గాని బజ్జీ తిందామని కారు ఆపినామో లేదో, నలుగురు మూగినారు. కారు మీద తాళ్లతో కట్టిన నీలం పలకను చూసి ఒకాయన, "ఏమప్పా, తలుపు యాడికి తీస్కపోతాండారు?" అన్నాడు. ఇంకొకాయన అది పడవ మూత అని తేల్చేసినాడు. "అలల మీద నిలబడేది పెద్దయ్యా, సర్ఫ్ బోర్డు" అంది నా మేనకోడలు. ఆయన పలకను చూసి, కేసీ కాల్వ (కర్నూలు-కడప కాల్వ) దిక్కు చూసి, మళ్లీ పలకను చూసి, "ఈడ సముద్రం యాడుందమ్మా?" అన్నాడు. ఐదు రోజులూ మేం పోయిన ప్రతి ఊర్లో ఎదురైన ప్రశ్న ఇదే.

మేనకోడలికి చెన్నైలో ఉద్యోగం. ఆదివారం తెల్లవారుజామునే చెన్నై పక్కనున్న కోవళం పోయి సర్ఫింగు నేర్చుకుంటుంది. అక్కడ బడి పెట్టిన మూర్తి మేఘవన్ మత్స్యకారుల ఇంట పుట్టినవాడే. నవంబరులో వారం సెలవు పెట్టి వస్తా వస్తా పలకను కూడా తెచ్చింది. "మామా, దీనికి సముద్రమే ఉండాలనేం లేదు. కదిలే నీళ్లుంటే చాలు" అని ఫోన్లో ఒక వీడియో చూపించింది. జర్మనీలో మ్యూనిక్ నగరం. నడి ఊర్లో పార్కు, అందులో ఐస్‌బాక్ అనే చిన్న కాల్వ. వంతెన కింద నీళ్లు నడుమెత్తు లేచి అట్లే నిలబడినాయి. దాని మీద ఒకడు అటూ ఇటూ జారుతున్నాడు. గట్టున పది మంది పలకలు చంకన పెట్టుకుని వంతు కోసం నిలబడినారు, రేషన్ అంగడి ముందర నిలబడినట్టు. అక్కడ 1970ల నుంచీ ఇదే పని. 2010లో గానీ అధికారికంగా అనుమతి రాలేదు.

నాకు నవ్వొచ్చింది. ముప్పై రెండేళ్లు నీటిపారుదల శాఖలో కాల్వ గట్ల మీద తిరిగి, వర్క్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాణ్ని. "ఇది అల కాదు పాపా, హైడ్రాలిక్ జంపు. ఇట్లాంటివి మన కాల్వల మీద నీకు ఎన్ని కావాలో చెప్పు" అన్నాను. ఆ మాట అననైతే అన్నాను, చూపించక తప్పలేదు. ఒక్క షరతు పెట్టినాను: చూడటమే, కాల్వలో కాలు పెట్టేది లేదు.

సుంకేసుల బ్యారేజీ కాడికి చేరేసరికి పదకొండు దాటింది. గేట్లు ఎక్కువ భాగం మూసే ఉన్నాయి, ఒక మూల మాత్రం నీళ్లు వదులుతున్నారు. గేటు కింద నుంచి దూకిన నీళ్లు పలచగా, అద్దంలాగా, చానా వేగంగా పోతాయి. కొంచెం దూరంలో నిదానంగా ఉన్న లోతు నీళ్లు అడ్డం తగిలేసరికి ఆ పరుగంతా పైకి లేచి తెల్లటి నురగ అవుతుంది. నీళ్లు పోతానే ఉంటాయి, ఎత్తు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. హైడ్రాలిక్ జంపు అంటే ఇదే. సముద్రంలో ఇది తలకిందులు: అల పరిగెత్తుకుని వస్తుంది, నీళ్లు దాదాపు ఉన్నచోటే ఊగుతాయి. ఈ తేడా ఆ అమ్మాయికి తెలుసు. దాని బలం విరగ్గొట్టడానికి మేమేం చేస్తామో మాత్రం తెలీదు.

గేటు కింద కాంక్రీటు పరుపు మీద దంతాల మాదిరి దిమ్మెలు కడతాం. పరిగెత్తుకొచ్చే నీళ్లు వాటికి తగిలి ముక్కలైపోవాలి. లేకపోతే ఆ ఎగుడు నీళ్లు కింద నేలను తవ్వి, గుంతలు పెట్టి, చివరికి కట్టడాన్నే కూలుస్తాయి. "అంటే మామా, ముప్పై రెండేళ్లు నీకు అలల్ని చంపడానికి జీతమిచ్చినారా?" అంది. అంతకు ముందు ఎవరూ నన్ను అట్లా అడగలేదు. అవునన్నాను.

ఇంకో సంగతి తనే చెప్పింది. ఆ మ్యూనిక్ కాల్వకు ఏటా శరదృతువులో నీళ్లు ఆపి పూడిక తీస్తారంట. 2025 అక్టోబరులోనూ తీసినారు. తీసి నీళ్లు వదిలితే అల లేవలేదు! అడుగున గులకరాళ్లూ బురదా ఎట్లా పేరుకున్నాయో దాన్ని బట్టే అల లేస్తాంది. శుభ్రం చేసేసరికి ఆ లెక్క తప్పింది. కేసీ కాల్వకు పూడిక తీయండి మహాప్రభో అని మన రైతులు కలెక్టరాఫీసు ముందు కూర్చుంటే, అక్కడ పూడిక తీసినందుకు జనం నెత్తీనోరూ కొట్టుకున్నారు. ఈ ముక్క మా పాత ఆఫీసులో చెబితే ఒక్కరూ నమ్మరు.

గట్టున గేట్లు చూసుకునే లస్కరు ఒకాయన పలక చూసి భయపడినాడు. "సార్, నురగ కాడ దిగితే మనిషి తేలడు. కిందికే తిప్పుతాది" అన్నాడు. ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. పైనుంచి పడే నీళ్లు అడుగున పోయి, పైన నురగ వెనక్కే దొర్లుతుంది. అందులో పడినవాణ్ని గేటు దిక్కే లాక్కుంటుంది. మ్యూనిక్‌లోనే 2025 ఏప్రిల్‌లో ఒకామె కాలికి కట్టుకున్న తాడు అడుగున ఎక్కడో చిక్కుకుని, కొన్నాళ్లకు ఆసుపత్రిలో చనిపోయింది. కొంతకాలం అక్కడ సర్ఫింగే నిలిపేసినారు. పాప లస్కరుకు దండం పెట్టి, "దిగనన్నా, చూడ్డానికే వచ్చినా" అంది.

సాయంత్రం ఊర్లో కేసీ కాల్వ పక్కన నడిచినాం. 1863లో మొదలుపెట్టి 1870 నాటికి ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్విన కాల్వ ఇది, సాగుకూ పడవలకూ రెండిటికీ పనికొస్తుందని. కంపెనీ దివాళా దారి పడితే 1882లో సర్కారు కొనేసింది. కర్నూలు నుంచి కడప దాకా పడవలో పోవచ్చని కలలు కన్నారంటే ఇప్పుడు పిల్లలు నమ్మరు. ఆ లెక్కన మా పలకే కొత్త వింతేం కాదు.

రాత్రి ఇంట్లో పాప పలక మీద మైనం ముద్దతో రుద్దుతూ కూర్చుంది. కాలు జారకుండా పట్టు కోసమంట. నాకు కందెనవోలు గుర్తొచ్చింది. అలంపురం గుళ్లకు రాళ్లు మోసే బండ్లు తుంగభద్ర దాటే ముందు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకునేవంట. ఆ కందెనవోలే కర్నూలు అయ్యిందని పెద్దలు చెబుతారు. "అది జారడానికి, ఇది జారకుండా ఉండటానికి" అంటే నవ్వి, "రెండూ పోవడానికే కదా మామా" అంది.

ఈ ఊర్లో అల అన్న మాట నవ్వుతూ అనేది కాదు, అది కూడా చెప్పాలి. 2009 అక్టోబరు 2న తుంగభద్రా హంద్రీ కలిసి ఊర్లోకి వచ్చినాయి. మా వీధిలో మిద్దెల మీద రెండు రాత్రులు ఉన్నాం. ఆ నీళ్లకు ఎత్తు లేదు, నురగ లేదు, చప్పుడు కూడా పెద్దగా లేదు. ఊరికే పెరుగుతా వచ్చినాయి.

రెండో రోజు: పోతిరెడ్డిపాడు, అవుకు

ఈ రోజు గురించి ఎక్కువ రాయడానికి లేదు. పొద్దున పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటరు. శ్రీశైలం జలాశయం నుంచి సీమకు నీళ్లు వదిలే తూములు ఇవి, 44,000 క్యూసెక్కులు పోయేటట్టు పెంచినారు. దీని మీద రెండు రాష్ట్రాలూ ఎన్నేళ్లుగా కొట్లాడుకుంటున్నాయో అందరికీ తెలిసిందే. పాప ఆ తగాదా విని, "సర్ఫర్లు కూడా ఒక అల కోసం ఇట్లే కొట్లాడతారు మామా. ముందెక్కినోడిదే అల" అంది. ఎగువనున్నోడిదే నీళ్లు అనే న్యాయం మాకు బాగా తెలుసు.

దారిలో పోటు అలల కథలు చెప్పింది. సముద్రంలో పోటు లేచినప్పుడు ఆ నీళ్లు నది మూతిలోంచి ఎదురెక్కి లోపలికి గోడలాగా వస్తాయి. ఇంగ్లండులో సెవర్న్ నది మీద అట్లాంటి అలను 1955లో మొదట ఎక్కినవాడు జాక్ చర్చిల్ అనే సైనికాధికారి. రెండో ప్రపంచయుద్ధంలో కత్తి పట్టుకుని పోయినాడని పేరున్న మొండిమనిషి. బ్రెజిల్‌లో అమెజాన్ మీద వచ్చేదాన్ని పొరొరోకా అంటారు. 2003లో పికురుతా సలజార్ అనే ఆయన దాని మీద 37 నిమిషాలు, పన్నెండున్నర కిలోమీటర్లు నిలబడే పోయినాడు. మా నంద్యాల ప్యాసింజరు కూడా అంతసేపు ఆగకుండా పోయింది నేను చూడలేదు.

అవుకు రిజర్వాయరు కాడ గాలి బాగా ఉంది గానీ, నీటి మీద ముడతలు తప్ప ఏమీ లేవు. బోటు తిప్పే కుర్రోడు పలకను తట్టి చూసి, "దీనికి ఇంజను యాడ పెడతారక్కా?" అన్నాడు. లేదంటే జాలిగా చూసినాడు. మధ్యాహ్నం జొన్నరొట్టె, పుంటికూర పప్పు, పచ్చిమిరపకాయ కారం. అంతే.

మూడో రోజు: గండికోట

ఎర్రమల కొండల్ని పెన్న కోసేసిన లోయ అంచున నిలబడి పాప చానాసేపు మాట్లాడలేదు. కింద నీళ్లు కదలకుండా పచ్చగా ఉన్నాయి. రంగనాయకుల గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూసినాం. వాటి గురించి రాసినవాళ్లు చానామంది ఉన్నారు, నేను రాయను.

సాయంత్రం కోట బయట గుడారాల కాడ పది మంది కుర్రోళ్లు చేరినారు. కొందరు జమ్మలమడుగు నుంచి, ఇద్దరు ఊర్లోవాళ్లే. పాప పలకను నేల మీద పెట్టి, బోర్లా పడుకుని, చేతులు నొక్కి ఒక్క ఊపులో ఎట్లా లేచి నిలబడాలో చూపించింది. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక, మోకాళ్లు వంచి, చూపు పోయే దిక్కున. జిమ్ముకు పోయే పిల్లోళ్లు లేచి తూలినారు. చివరకు ఊర్లో వ్యవసాయం చేసే ఇరవై ఏళ్ల పిల్లోడు వచ్చినాడు. లుంగీ ఎగగట్టి పడుకుని లేచి నిలబడితే పాప చప్పట్లు కొట్టింది. "ఎప్పుడన్నా చేసినావా?" అని అడిగితే, "యాడ అక్కా? ఖాళీ బండి మీద నిలబడి ఎద్దుల్ని తోలుతా గదా. ఇట్లే నిలబడకపోతే బండి మీద నుంచి పడతాం" అన్నాడు.

నేను ఈ మాట మళ్లీ మళ్లీ తలుచుకున్నాను. పగ్గం చేతిలో, ఎడమ కాలు ముందుకు వేసి, గతుకులు మోకాళ్లలోనే మింగుకుంటా, బురద దారిన ఖాళీ బండి తోలేవాణ్ని చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. మా నాయనే అట్లా తోలేవాడు. దాన్ని ఒక విద్య అని నేనెప్పుడూ అనుకోలేదు.

అందులో ఒకడు సూటిగానే అడిగినాడు, "సముద్రం పక్కన పుట్టనోళ్లకు ఇది వస్తాదా అక్కా?" అని. దానికి పాప దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. సెబాస్టియన్ స్టాయిట్నర్ అనే జర్మన్ సముద్రానికి చానా దూరంగా న్యూరెంబర్గ్‌లో పెరిగినాడు. పదహారేళ్లకే ఇల్లు వదిలి హవాయి పోయినాడు. 2020 అక్టోబరు 29న పోర్చుగల్‌లో నజారే కాడ ఎక్కిన అల 26.21 మీటర్లు, ప్రపంచ రికార్డు. "ఎనిమిది అంతస్తుల మిద్దె అంత" అంటే, జమ్మలమడుగులో అంత ఎత్తు మిద్దె ఏదుందో అని వాళ్లలో వాళ్లకు కాసేపు వాదన జరిగింది.

కాలిఫోర్నియాలో లెమూర్ అనే ఊరి సంగతి నాకు మరీ నచ్చింది. సముద్రానికి దాదాపు నూట అరవై కిలోమీటర్ల లోపల, పొలాల మధ్యన ఒక పొడుగు చెరువు. కెల్లీ స్లేటర్ అనే పేరుమోసిన సర్ఫరు అందులో అలను తయారుచేయించి 2015లో లోకానికి చూపించినాడు. గట్టు పొడుగునా పట్టాలు వేసి, వాటి మీద నీటిలో మునిగిన పెద్ద రెక్కను ఈడ్చుకుపోతారు. దాని వెనక అల లేస్తుంది. మడక సాలు తిరగేసినట్టే గదా! మడక మట్టిని లేపుతుంది, వాళ్లది నీళ్లను లేపుతుంది. పక్కనున్న పెద్దాయన ఇంతా విని, "ఆ చెరువు కింద ఎన్నెకరాలు పారతాయి?" అన్నాడు. ఒక్క ఎకరా కూడా పారదని తెలిసి, ఆయన లేచి వెళ్లిపోయినాడు.

నాలుగో రోజు: తాడిపత్రి మీదుగా అనంతపురం

దారంతా వేరుశనగ పీకేసిన చేలు, తాడిపత్రి కాడ బండల పాలిష్ మిల్లుల దుమ్ము. చెకింగ్ కాడ పోలీసు పలక విప్పించి, అడుగున ఉన్న రెక్కలు తడిమి, "చేప బొమ్మా?" అన్నాడు.

అనంతపురంలో మా పిన్నమ్మ ఇంట్లో దిగినాం. మా అక్క అక్కడికే ఫోన్ చేసి, పెళ్లి కావాల్సిన పిల్ల ఆ బట్టలేసుకుని నీళ్లల్లో ఎగరడమేందని పిన్నమ్మ చేత కూడా చెప్పించాలని చూసింది. పాప కోపం తెచ్చుకోలేదు. ఇరాన్ సంగతి చెప్పింది. 2010లో ఈస్కీ బ్రిటన్ అనే ఐర్లండు ఆమె చాబహార్ దగ్గర రమీన్ అనే పల్లెకు పోయి, తల నుంచి కాళ్ల దాకా కప్పుకునే అలలెక్కింది. తర్వాత అక్కడి ఆడపిల్లలూ నేర్చుకున్నారు. వాళ్లను చూసి మగపిల్లలు దిగినారు. మా పిన్నమ్మ అంతా విని, "తడిసిన బట్టల బరువుతో ఎట్లా నిలబడిందే?" అని మాత్రం అడిగింది. అసలు పాయింటు ఆమెకే తట్టింది.

మంగళూరు దగ్గర ముల్కిలో 2004లో అమెరికా నుంచి వచ్చిన జాక్ హెబ్నర్ అనే సన్యాసి ఆశ్రమం పెట్టి, జపంతో పాటు సర్ఫింగూ నేర్పినాడని చెబితే పిన్నమ్మకు ఇంకా ధైర్యం వచ్చింది. స్వామి చేసిన పనంటే మా ఇండ్లల్లో ఎదురు చెప్పరు.

ఏ ఆట ఏ ఊర్లో పుట్టాలో ఎవరు రాసినారు? స్పెయిన్‌లో మయోర్కా దీవిలో పుట్టిన రాఫెల్ నాదల్ 2010లో ఇదే అనంతపురానికి వచ్చి, ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ మైదానంలో పేదపిల్లల కోసం టెన్నిస్ బడి తెరిచినాడు. అప్పుడు కూడా మేం, ఈ కరువు జిల్లాలో టెన్నిసేందని నవ్వినాం. నేను కూడా నవ్వినాను.

ఐదో రోజు: దర్గా హొన్నూరు

ఇది పాపకు చెప్పకుండా దాచిపెట్టుకున్నాను. రాయదుర్గం దిక్కు గాలిమరల మధ్యన పోయి, బొమ్మనహాళ్ మండలంలో దిగితే, చేను, చేను, మళ్లీ చేను, ఉన్నట్టుండి ఇసుక. ఇసుక మేటలు అంటారు అక్కడ. వేదవతి నది, ఊర్లోవాళ్లు హగరి అంటారు, ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిపోయి ఉంటుంది. ఎగువన కర్ణాటకలో 1907 నాటి వాణీవిలాస సాగరం, ఇటు మన జిల్లాలో భైరవానితిప్ప. నీళ్లు కిందికి రావడం గగనం. 2022లో వాణీవిలాస సాగరం పొర్లితే, 1933 తర్వాత మళ్లీ అప్పుడేనని పత్రికలన్నీ రాసినాయి. ఎండిన ఏటి ఇసుకను జూన్ నుంచి వీచే పడమటి గాలి ఎత్తి, పక్కనున్న చేలల్లో దిబ్బలుగా పోస్తుంది. ఇటు నున్నగా ఏటవాలు, అటు నిట్టనిలువు, పైన అంచు కత్తి మాదిరి. గాలి ఇసుకను ఇటునుంచి ఎక్కించి అటు పారబోస్తా ఉంటుంది, దిబ్బ కొంచెం కొంచెం ముందుకు జరుగుతా ఉంటుంది.

పాప చెప్పులు విప్పేసి పైకెక్కి నిలబడింది. "మామా, ఇది అల!" అంది. అంత నిదానంగా పోయే అలను ఆమె ఎప్పుడూ చూడలేదు.

పెరూలో, నమీబియాలో ఇట్లాంటి దిబ్బల మీద పలకలేసుకుని జారతారని తనే చెప్పింది. ఆశగా పలక దించింది. ఇసుక మీద పెట్టి ఎక్కితే, అంగుళం కదల్లేదు. మెత్తటి ఫోము ఇసుకను పట్టుకుంది, కింద రెక్కలు నాగటి కర్రు మాదిరి దిగబడినాయి. రెక్కలు విప్పేసినా అంతే. చుట్టూ చేరిన పిల్లోళ్లు పకపకా నవ్వినారు. అందులో ఒకడు ఏడెనిమిదేళ్లవాడు ఖాళీ యూరియా సంచి పరిచి, దాని మీద కూర్చుని, మూతులు రెండూ పట్టుకుని సర్రున కిందికి పోయినాడు. ఎన్నేళ్ల నుంచి చేస్తున్నారో! వాళ్ల అన్నలు చేసినారంట, వాళ్ల నాయనలు గోనె సంచుల మీద చేసినారంట.

పాప సంచి మీద నిలబడతానంది. మూడు సార్లు మూతి ఇసుకలో పెట్టింది. నేను ఊర్లోకి పోయి, అంగట్లో ఒక పాత ప్లైవుడ్ ముక్క, రెండు కొవ్వొత్తులు పట్టుకొచ్చినాను. చెక్క అడుగున కొవ్వొత్తి రుద్దినాను, గట్టిగా, మూల మూలకూ. కందెనవోలు వాణ్ని, ఇది నా పని. నాలుగోసారి నిలబడింది. ఏడెనిమిది గజాలు పోయిందేమో, మోకాళ్లు వంచి, చేతులు చాచి. పిల్లోళ్లు అరిచిన అరుపుకు చేలో ఉన్నవాళ్లు తలెత్తి చూసినారు.

ఆ చేలోంచి ఒక రైతు వచ్చినాడు. నా వయసే ఉంటుంది. బీడీ ముట్టించుకుని కాసేపు ఆట చూసినాడు. తర్వాత దిబ్బ అంచున సగం మునిగిన కంచె రాయిని చూపించినాడు. "ఆ రాయి అవతల మాది రెండెకరాలు ఉండె సార్. మా నాయన సజ్జ పండించినాడు. ఇప్పుడు యాడుందో దిబ్బ కిందనే ఉంది" అన్నాడు. చెట్లు పెట్టినారంట, కొన్ని బతికినాయంట, కొన్నిటిని ఇసుక మింగిందంట. నేను ఏం పని చేసినానో అడిగి తెలుసుకుని, "నీటిని ఆపినోళ్లు గదా మీరు. దీన్ని ఆపేది ఏమన్నా ఉందా మీ శాఖలో?" అన్నాడు.

నీళ్లకైతే దిమ్మెలు కడతాం, అలను ముక్కలు చేస్తాం. అదంతా ఆయనకు చెప్పబోయి మానుకున్నాను. గాలికి అడ్డంగా వరసలు వరసలుగా మొక్కలు నాటడం తప్ప నాకు తెలిసిన మందు లేదని చెప్పినాను. అది ఆయనకూ తెలుసు. బీడీ పారేసి, "పాపను జాగ్రత్తగా జారమనండి, ముండ్లుంటాయి" అని చేలోకి పోయినాడు.

పొద్దు వాలేదాకా జారినారు. నన్ను కూడా యూరియా సంచి మీద కూర్చోబెట్టి ఇద్దరు పిల్లోళ్లు వీపున నెట్టినారు. ఎట్లా ఉందో చెప్పను గానీ, రెండోసారి ఎవరూ నెట్టకుండానే పోయినాను.

చీకటి పడేముందు పలకను మళ్లీ కారు మీద కట్టినాం. ఐదు రోజుల్లో దానికి ఒక్క చుక్క నీళ్లు తగల్లేదు. ప్లైవుడ్ చెక్క ఎవరి దగ్గర ఉండాలో పిల్లోళ్లు అప్పుడే కొట్లాట మొదలుపెట్టినారు. యూరియా సంచి పిల్లోడు మాత్రం చెక్క అడగలేదు. కారు అద్దం కాడికొచ్చి, "తాతా, ఆ మిగిలిన కొవ్వొత్తి ఇయ్యి" అన్నాడు. ఇచ్చినాను.